మీకు తెలుసా? చుక్క తర్వాతి ముక్క కోసం ఎన్ని తగాదాలో!

ఉయ్యూరు వ్యాపారి ఎవరైనా ఊరిపేరుతో ఇంటర్నెట్ చిరునామా కొనాలనుకుంటే ముందు తేల్చుకోవలసింది ఇంగ్లిషు స్పెల్లింగు. ఈ ఊరిని 'వీ'తోనూ రాస్తారు, 'యూ'తోనూ రాస్తారు. ఒకటి మీరు కొంటే రెండోది ఇంకొకరు కొనుక్కోవచ్చు. తెలుగులో రాస్తే ఈ ఇంగ్లిషు స్పెల్లింగు పేచీ ఉండదు. అందుకు వీలుగా చివర పెట్టుకునే 'డాట్ భారత్' తెలుగు లిపిలో 2011లోనే ప్రపంచ జాబితాకెక్కింది. ఆ జాబితాను కాదని సొంత జాబితాలు పెట్టినవాళ్లూ ఉన్నారు.

● ఇంటర్నెట్ పూర్వరూపమైన అర్పానెట్ రోజుల్లో కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఫైల్లో ఉండేవి. కాలిఫోర్నియాలో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం ఆ ఫైలును చూసుకునేది. పేర్లు పెరిగిపోవడంతో 1983లో పాల్ మొకపెట్రిస్ ఇప్పటి డొమైన్ పద్ధతిని రూపొందించారు. డాట్ కామ్ 1985లో, మన డాట్ ఇన్ 1989లో వచ్చాయి.

● చిరునామాను మనం ముందునుంచి చదువుతాం, డొమైన్ పద్ధతి మాత్రం వెనకనుంచి వెతుకుతుంది. చివరి ముక్క ఎవరి అధీనంలో ఉందో చెప్పే పట్టికకే 'రూట్' అని పేరు. దాన్ని అందించే సర్వర్లకు 13 పేర్లున్నాయి, నడిపేది 12 సంస్థలు. వాటి నకళ్లు ప్రపంచమంతా ఉన్నాయి.

● వేరే రూట్ పెట్టకూడదన్న ప్రపంచ చట్టమేదీ లేదు. సర్వర్లు పెట్టి, నచ్చిన పేర్లు అమ్మవచ్చు. చిక్కల్లా అవతలివాడి ఫోన్లో అది తెరుచుకోకపోవడమే. సెట్టింగులు మార్చుకున్నవారికో, ప్రత్యేక సాఫ్ట్‌వేర్ వేసుకున్నవారికో మాత్రమే ఆ పేరు ఉన్నట్టు లెక్క.

● 1996 నాటికే ఈ పోటీ ముదిరింది. యూజీన్ కష్‌పురెఫ్ 'ఆల్టర్‌నిక్' పేరుతో సొంత రూట్ నడిపారు. న్యూయార్క్‌లో పాల్ గారిన్ 'నేమ్ డాట్ స్పేస్' పెట్టారు. ఇద్దరి కోపమూ డాట్ కామ్ అమ్మకాలపై ఒకే కంపెనీకి ఉన్న గుత్తాధిపత్యం మీదే. ఆ కోపం న్యాయమైనదే. అయితే 1997 జులైలో కష్‌పురెఫ్ హద్దు దాటారు. ఆ కంపెనీ నడిపే ఇంటర్‌నిక్ సైటుకు వెళ్లేవారిని తన సైటుకు మళ్లించారు. కెనడాలో అరెస్టయ్యి, అమెరికా కోర్టులో నేరం ఒప్పుకున్నారు.

● ఇంటర్నెట్ పెద్దల్లో ఒకరైన జాన్ పోస్టెల్ 1998 జనవరి 28న రూట్ సర్వర్లు నడిపే ఎనిమిది మందికి ఒక మెయిల్ పంపారు. అధికారిక పట్టిక బదులు తన సంస్థ పట్టికను అనుసరించమన్నారు. వాళ్లు అలాగే చేశారు! అమెరికా ప్రభుత్వం అభ్యంతరం చెప్పాక, అది పరీక్ష మాత్రమేనని చెప్పి పోస్టెల్ వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది సెప్టెంబరులో ఈ పేర్ల వ్యవహారం చూసే ఐకాన్ సంస్థ పుట్టింది. ఆ మరుసటి నెలలోనే పోస్టెల్ కన్నుమూశారు. రూట్ నిలబడింది నడిపేవారి పరస్పర నమ్మకం మీదేనని ఇంత స్పష్టంగా చూపిన ఘటన నాకు ఇంకొకటి కనబడదు.

● 521165 అనే పిన్‌కోడును ఉయ్యూరుకూ, ఎక్కడో ఉన్న ఇంకో ఊరికీ ఇచ్చారనుకోండి, ఉత్తరం ఎటు పోవాలి? సరిగ్గా ఇదే 2001లో డాట్ బిజ్‌కు జరిగింది. ఓ చిన్న ప్రత్యామ్నాయ రూట్ అప్పటికే ఆ పేరు నడుపుతుండగా, ఐకాన్ అదే పేరును వేరే కంపెనీకి ఇచ్చింది. అదే ఏడాది 'న్యూ డాట్ నెట్' అనే కంపెనీ డాట్ షాప్, డాట్ క్లబ్ పేర్లను సొంతంగా అమ్మింది. ఏళ్ల తర్వాత ఆ రెండూ అధికారిక జాబితాలోకి వచ్చాయి, వేరేవాళ్ల చేతుల్లో.

● బ్లాక్‌చెయిన్ కాలంలోనూ కథ మారలేదు. నేమ్‌కాయిన్ అనే బ్లాక్‌చెయిన్ 2011లో డాట్ బిట్ తెచ్చింది. అన్‌స్టాపబుల్ డొమైన్స్ అనే కంపెనీ డాట్ కాయిన్ అమ్మి, ఆ పేరు ఎమర్‌కాయిన్ అనే ఇంకో బ్లాక్‌చెయిన్‌లో ముందే ఉందని తెలిశాక 2022లో దాన్ని మూసేసింది.

● 2012లో అధికారికంగా కొత్త చివరి ముక్క కోరాలంటే దరఖాస్తు రుసుమే 1,85,000 డాలర్లు. అయినా 1,930 దరఖాస్తులు వచ్చాయి.

● రూట్ నిర్వహణపై అమెరికా ప్రభుత్వ పర్యవేక్షణ 2016 అక్టోబరు 1న ముగిసింది. ఆ తర్వాత ఐకాన్ జరిపిన మొట్టమొదటి మహాసభకు వేదిక మన హైదరాబాదే. నవంబరు 3 నుంచి 9 వరకు జరిగిన ఆ సభకు 3 వేల మందికి పైగా వచ్చారు. తెలుగువాళ్లు గర్వంగా గుర్తుంచుకోవలసిన సంగతి ఇది. మన పాఠ్యపుస్తకాల్లో దీనికి ఒక్క వాక్యమైనా చోటు ఇవ్వాలి.

● రూట్‌లో మన దేశానికి భారతీయ భాషల్లో 15 పేర్లున్నాయి. రాజ్యాంగం గుర్తించిన 22 భాషలకూ అవే సరిపోతాయి. తమిళ లిపిలో మన దేశం పేరుతో పాటు సింగపూర్, శ్రీలంక పేర్లు కూడా ఉన్నాయి. తెలుగు లిపిలో ఉన్నది డాట్ భారత్ ఒక్కటే.

● ఆ 'భారత్' పేరు యంత్రానికి 'ఎక్స్‌ఎన్, రెండు అడ్డగీతలు, ఎఫ్‌పీసీఆర్‌జే9సీ3డీ' అనే సంకేతంగా వెళుతుంది. తెర మీద మాత్రం మనకు తెలుగే కనబడుతుంది. తెలుగు, కన్నడ అక్షరాలు చాలావరకు ఒకేలా ఉంటాయి కదా! అందుకే 2019 నాటి రూట్ నియమాల్లో, ఒక లిపిలో చివరి ముక్క ఇస్తే రెండో లిపిలో దాన్ని పోలినది ఎవరికీ దక్కకుండా కట్టడి పెట్టారు. చివరి ముక్క వరకు నకిలీ పేర్ల మోసాలకు ఇది అడ్డుకట్ట. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో పొల్లును విడిగా నిలబెట్టే కనిపించని గుర్తుకు మాత్రం ఆ నియమాల్లో చోటు దొరకలేదు.

● తెలుగు చిరునామా ఉన్నా, దాన్ని ఒప్పుకోని ఆన్‌లైన్ ఫారాలు ఇంకా చాలానే ఉన్నాయి. విజయవాడ, హైదరాబాదుల్లో సాఫ్ట్‌వేర్ రాసే పిల్లలకు నా విన్నపం ఒక్కటే. మీరు చేసే ఫారంలో తెలుగు మెయిలూ తెలుగు డొమైనూ ఇచ్చి చూడండి, తిరస్కరిస్తే సరిచేయండి. ఇక చిరునామా కొనే వ్యాపారులారా, జీవితకాలం మీదేనంటూ ఎవరైనా కొత్త చివరి ముక్క అమ్మజూపితే, డబ్బు కట్టేముందు ఏ మార్పూ చేయని పక్కవాళ్ల ఫోన్లో అది తెరుచుకుంటుందో లేదో చూసుకోండి.