పంచాంగంలో రాజెవరు?

ఉగాదినాడు మన ఊళ్ళలో ఉదయం పంచాంగ శ్రవణం, సాయంత్రం కవిసమ్మేళనం. మొదటిదాని భాషను రెండోది ఎంతగా అరువు తెచ్చుకుంటున్నదో మనం గమనించడం లేదు.

పంచాంగమంటే తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం. ఇది శతాబ్దాల పరిశీలన మీద నిలిచిన గణితం. చాంద్ర సంవత్సరం సౌర సంవత్సరం కంటే సుమారు 11 రోజులు తక్కువ. ఆ లోటును అధికమాసంతో పూడుస్తారు. రైతు విత్తడానికి చూసుకునే కార్తెలు సూర్యగమనాన్ని బట్టి వస్తాయి. శ్రామికుల అనుభవంతో ముడివడిన ఈ భాగాన్ని నేను గౌరవిస్తాను.

రాజు, మంత్రి, సస్యాధిపతుల సంగతి వేరు. చైత్ర శుద్ధ పాడ్యమి ఏ వారమైతే ఆ వారాధిపతే రాజు. 2024లో ఉగాది మంగళవారం వచ్చింది గనుక క్రోధి సంవత్సరానికి కుజుడు రాజయ్యాడు. మేష సంక్రమణం శనివారం గనుక శని మంత్రి. ఇందులో లెక్క ఉంది కాని, కరువుకూ ధరలకూ కారణం లేదు.

ఆదాయ వ్యయాలు మరీ విచిత్రం. ఆ అంకెలు రాశినిబట్టి వస్తాయి. ఒకే రాశిలో పుట్టిన భూస్వామికీ, అతని పొలం కౌలుకు చేసే రైతుకూ ఒకే ఆదాయం, ఒకే వ్యయం! వర్గభేదాన్ని ఇంత సులువుగా చెరిపేసే పద్దు మరొకటి లేదు. మా బడిలో కౌలురైతుల పిల్లలు ఈ అంకెలను తమ తలరాతగా చెప్పుకోవడం విన్నాను.

ఉగాది కవిత రాసేవారికి నా మనవి: వేపపువ్వునూ కోయిలనూ వదలనక్కర్లేదు. చేదు ఎవరి వాటాకు వస్తున్నదో, బెల్లం ఎవరింటికి చేరుతున్నదో చెప్పండి. సస్యానికి అధిపతి ఎవరన్న ప్రశ్న మంచిదే. జవాబు మాత్రం పొలం గట్టుమీద వెతకాలి.