ఒకరోజు పాపకు ఆపరేషను

పిల్లలూ! మీ ఇంట్లోగాని, పక్కింట్లోగాని పుట్టి నాలుగు రోజులయిన పాప ఉంటే, దగ్గర కూర్చుని చూడండి. ముట్టుకోవద్దు, చూస్తే చాలు. (చేతులు కడుక్కోకుండా చంటిపిల్లలను ముట్టుకునేవాళ్ళంటే నాకు మహా కోపం.) నిద్రపోయే పాప పొట్ట పైకీ కిందికీ ఆడుతూ ఉంటుంది. గడియారం దగ్గర పెట్టుకుని లెక్కించండి. నిమిషానికి 40 సార్లు, ఒక్కొక్కప్పుడు 60 సార్లు కూడా ఊపిరి తీస్తుంది. గుండె నిమిషానికి 120 నుంచి 160 సార్లు కొట్టుకుంటుంది. మూడు కిలోల పాప ఒంట్లో ఉన్న నెత్తురంతా కలిపినా సుమారు పావు లీటరే. మీరు పొద్దున తాగే గ్లాసెడు పాలంత!

ఇంత చిన్న ప్రాణికి ఆపరేషను చేయవలసి వస్తే? అలా వస్తూనే ఉంటుంది. కొందరు పిల్లలు లోపలి అవయవం ఏదో ఒకటి సరిగా తయారు కాకుండానే పుడతారు. కోసి సరిచేసేది డాక్టరు. అది కొన్ని గంటల పని. అంతకుముందూ, ఆ తరువాతా రాత్రింబవళ్ళు పాపను కనిపెట్టుకుని ఉండేది నర్సు.

నా దగ్గర ఎనిమిదో తరగతి చదివిన అమ్మాయి ఒకతె ఇప్పుడు పిల్లల ఆసుపత్రిలో నర్సుగా ఉన్నది. దశాంశ బిందువు ఎక్కడ పెట్టాలో తెలియక ఆ రోజుల్లో నాచేత చాలా చీవాట్లు తిన్నది. మొన్న కనపడి, "మాస్టారూ, ఇప్పుడు నా ఉద్యోగమంతా ఆ బిందువుతోనే!" అని నవ్వింది. ఆమె చెప్పిన ఒక పాప సంగతి వినండి.

పాప పుట్టిన కాసేపటికే నోట్లోనుంచి నురగ రాసాగింది. తుడిస్తే మళ్ళీ వస్తున్నది. నాయనమ్మ తేనె నాకించబోయింది. అక్కడి నర్సు చేయి అడ్డుపెట్టి, "ఒక్క చుక్క కూడా పోయవద్దు మామ్మగారూ!" అన్నది. సన్నని గొట్టాన్ని నోట్లోనుంచి మెల్లగా దింపి చూస్తే, పది సెంటీమీటర్లు పోయి ఆగిపోయింది. ఎక్స్‌రే తీశారు. అన్నం పోయే గొట్టం మధ్యలో తెగిపోయి ఉన్నది. పై ముక్క సంచి మూతిలా మూసుకున్నది. కింది ముక్క పోయి గాలిగొట్టానికి అతుక్కున్నది. మూడు నాలుగు వేల మందిలో ఒక బిడ్డకు ఇలా అవుతుంది. అటువంటి పాపకు తేనె పోసినా, పాలు పోసినా అది పొట్టలోకి పోదు; పొంగి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ నర్సు చేయి అడ్డుపెట్టకపోతే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

ఇలాంటి గొట్టం రెండు కొనలనూ ఒకే ఆపరేషనులో కలిపి కుట్టి, బిడ్డను మొదటిసారి బతికించినది 1941లో, అమెరికాలోని మిషిగన్‌లో కామెరాన్ హైట్ అనే డాక్టరు. అప్పుడే పుట్టిన పిల్లల ఆపరేషన్ల కోసం ప్రపంచంలో మొట్టమొదటిదని చెప్పుకునే ప్రత్యేక వార్డు 1953లో ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో వెలిసింది.

మన పాపను పట్నం చేర్చారు. తలవైపు ఎత్తుగా పడుకోబెట్టి, నోట్లో ఊరే చొంగను సన్నని గొట్టంతో ఎప్పటికప్పుడు లాగేస్తూ ఉండాలి. తన చొంగే తనకు ప్రమాదం గదా! ఇక రెండవ సంగతి వెచ్చదనం. అన్నం గిన్నెలో ఉంటే చాలాసేపు వేడిగా ఉంటుంది. ఒక్క ముద్ద తీసి విడిగా పెట్టండి, ఇట్టే చల్లారిపోతుంది. పాప ఆ ముద్దవంటిది. పైగా మనలాగా వణికి వేడి పుట్టించుకోలేదు. అందుకని నెత్తికి టోపీ పెడతారు, గదిని వెచ్చగా ఉంచుతారు, పాప ఒంటి వేడి 36.5 డిగ్రీలకు తగ్గకుండా చూస్తారు. డాక్టర్లకు చెమటలు పట్టినా సరే!

ఇప్పుడు దశాంశ బిందువు. నెత్తురు అద్దిన గుడ్డలను తూస్తారు. ఒక గ్రాము బరువు పెరిగితే సుమారు ఒక మిల్లీలీటరు నెత్తురు పోయినట్లు. పాప తడిపిన గుడ్డలనూ తూస్తారు. మూత్రం ఎంత వచ్చిందో దానివల్ల తెలుస్తుంది. మందు 0.3 మిల్లీలీటరు ఇవ్వవలసినచోట బిందువు జారిందంటే పదింతల మందు లోపలికి పోతుంది. అందుకని ఒక నర్సు కట్టిన లెక్కను ఇంకొక నర్సు విడిగా కట్టి చూస్తుంది. రెండూ కలిస్తేనే సూది.

ఆపరేషను తరువాత పాప పొట్టలోకి కుట్టు మీదుగా ఒక సన్నని గొట్టం ఉంటుంది. అది ఊడితే మళ్ళీ దూర్చడానికి వీల్లేదు, కుట్టు చిరిగిపోతుంది. పాప పీకుతుందేమోనని చేతులకు చిన్న సంచులు తొడుగుతారు. కుట్టు లాగకుండా మెడ వెనక్కు వాలనివ్వరు.

నొప్పి సంగతి చెప్పలేదు గదూ! 1980ల దాకా చాలామంది డాక్టర్లు, అప్పుడే పుట్టిన పిల్లలకు నొప్పి అంతగా తెలియదనీ, నొప్పి మందు ఇస్తే ప్రమాదమనీ అనుకునేవారు. ఇండోరులో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డు వెళ్ళిన కన్వల్‌జీత్ ఆనంద్ దీనిని పరీక్షించాడు. నెలలు నిండకుండా పుట్టి ఆపరేషను అవసరమైన పిల్లల్లో కొందరికి మామూలుగా ఇచ్చే మత్తుతోపాటు గట్టి నొప్పి మందు కూడా ఇచ్చారు. అది అందని పిల్లల నెత్తురులో బాధకు గుర్తులు బాగా ఎక్కువగా కనపడ్డాయి. ఆపరేషను తరువాత వారికే ఇబ్బందులు ఎక్కువ వచ్చాయి. ఇది 1987లో అచ్చయింది. చంటిపిల్లల ఏడుపును తేలికగా తీసుకునే పెద్దలకు నేనీ సంగతి తరచు చెబుతుంటాను.

"గొంతులో ఊపిరి గొట్టం ఉన్న పాప ఏడిస్తే శబ్దం రాదు మాస్టారూ. మొహం చూసే తెలుసుకోవాలి," అన్నది మా అమ్మాయి. కనుబొమలు ముడిపడ్డాయా, కళ్ళు గట్టిగా బిగించిందా, పిడికిళ్ళు బిగిశాయా అని చూచి, కాగితం మీద అంకెలు వేసుకుని, డాక్టరుకు చెబుతుంది. మూడోనాడు వాళ్ళమ్మ వచ్చి, ఎత్తుకోవడానికి వీల్లేక నిలబడిపోయింది. నర్సు ఆమె ఒక చేతిని పాప తలమీదా, ఇంకొక చేతిని పాదాలమీదా కదలకుండా పెట్టించింది. పాప పిడికిలి మెల్లగా విడింది. ఆ తల్లి పిండి ఇచ్చిన పాలే, కొద్దికొద్దిగా, ఆ సన్నని గొట్టంగుండా పొట్టలోకి పంపారు.

వారం తరువాత రంగుమందు పట్టి ఎక్స్‌రే తీస్తే, కుట్టు ఎక్కడా కారలేదు. ఆ సాయంత్రం పాప మొదటిసారి నోటితో తల్లిపాలు తాగింది.

ఆ పాపకిప్పుడు ఏడేళ్ళు. దగ్గితే కంగు కంగున మోగుతుంది. అది జబ్బు కాదు, అంటుకోదు. ఇలా పుట్టిన పిల్లలకు గాలిగొట్టం కొంత మెత్తగా ఉండి అలా మోగుతుంది. ఆ సంగతి వాళ్ళమ్మ బడిలో టీచరుకు ముందే చెప్పింది. ముద్ద బాగా నమిలి, ముద్దకో గుక్కెడు నీళ్ళు తాగి మింగుతుంది. మధ్యాహ్న భోజనంలో పంక్తిలో అందరికంటే చివర లేచేది తానేనట.