పెట్టె గట్టిదే, పట్టు సంగతేంటి?

వన్ టౌన్ సందుల్లో పాలక్యాన్ల బండ్లు చూడండి. రెండు పక్కలా సమాన బరువు, కావడి లెక్క. దూర ప్రయాణాలకు బండికి గట్టి సైడ్ బాక్సులు బిగించేవాళ్లకూ అదే లెక్క అంటాను నేను.

పెట్టె ఎంత ఖరీదైనా దాన్ని మోసేది స్టాండే. దాన్ని ఛాసిస్‌కే బోల్టులతో బిగించాలి, మడ్‌గార్డుకు కాదు. సైలెన్సర్ వేడి తగలకూడదు, వెనక ఇండికేటర్లు కనబడాలి. బరువైన సామాను అడుగున, ముందువైపు సర్దాలి. వెనక టైర్లో గాలి బరువుకు తగ్గట్టుండాలి. కాస్త దూరం నడిపాక బోల్టులు మళ్లీ బిగించాలి. బండి అదురుడుకి పట్టు వదులైపోద్ది.

సందులో మన హ్యాండిల్ పట్టినా పెట్టె పట్టకపోవచ్చు. హైవేమీద పెట్టె ఊడితే పోయేది మన బట్టలే కాదు, వెనకొచ్చేవాడి ప్రాణం కూడా.