ఇవి ఏ కామెర్లు? పొలిమేర పల్లెలలో ఆరోగ్య కార్యకర్త బాధ్యత

పల్లెలో ఒకరి కన్నులు పచ్చబడితే ఇంటివారికి తొలుత గుర్తుకు వచ్చేది పసరు మందు. పరగడుపున తాగించే ఆకు పసరు, ముక్కులో వేసే చుక్కలు, ముంజేతిపై పెట్టే వాత, ఉప్పు, నూనె లేని పథ్యం. ఊరు మారితే ఆకు పేరు మారుతుందేమో గాని నమ్మకం మారదు. ఆశా కార్యకర్త గాని, ఉపకేంద్రం నర్సు గాని ఆ గడప తొక్కేనాటికి ఈ వైద్యం సగం నడిచే ఉంటుంది. అక్కడ వాదానికి దిగితే ఇంటివారు మరొకసారి తలుపు తీయరు. ఆమె ఆ ఇంటివారి మనసులో నాటవలసిన ప్రశ్న ఒక్కటే: ఇవి ఏ కామెర్లు?

కామెర్లు ఒక లక్షణం మాత్రమే. కాలేయానికి వాపు తెచ్చే వైరస్‌లు ప్రధానంగా ఐదు: హెపటైటిస్ ఏ, బి, సి, డి, ఇ. వీటిలో ఏ, ఇ రకాలు మలంతో కలుషితమైన నీటి వలన, ఆహారం వలన సోకుతాయి. 1955-56లో యమునా నదిలో మురుగు కలిసినందువలన ఢిల్లీలో సుమారు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. అది ఇ రకమని ఎన్నో ఏండ్ల తరువాత తేలినది. ఈ రెండు రకాలు సోకినవారిలో అధికులు కొన్ని వారాలలో తమంతట తామే కోలుకొంటారు. ఆ కీర్తి పసరుకు దక్కుతుంది. బి, సి రకాల నడక వేరు. అవి రక్తం ద్వారా, కాన్పులో తల్లి నుండి బిడ్డకు, శారీరక సంబంధం వలన సోకి, కన్ను పచ్చబడకుండానే ఏండ్ల తరబడి కాలేయాన్ని గట్టిపరచి, కొందరిలో క్యాన్సరుకు దారితీస్తాయి. డి రకం బి ఉన్నవారికే వస్తుంది. పసరుతో ఒకసారి మేలు కలిగినదన్న నమ్మకమే రెండవ తరహా రోగిని రక్తపరీక్షకు దూరం చేస్తుంది.

నేల ఉసిరి సంగతి ఇక్కడ చెప్పుకొనదగినది. బి వైరస్‌ను కనుగొని 1976లో నోబెల్ బహుమతి పొందిన బరూక్ బ్లంబర్గ్ సైతం ఆ మొక్కపై పరిశోధన చేశారు. 1988లో మద్రాసు పరిశోధకులు ఆశాజనకమైన ఫలితాన్ని ప్రకటించారు. తరువాతి పరీక్షలలో ఆ ఫలితం నిలువలేదు. కనుక పెద్దలు నేల ఉసిరి పేరెత్తినప్పుడు నవ్వవలసిన పని లేదు. శాస్త్రజ్ఞులూ దానిని పరీక్షించి చూశారు, చాలలేదు అని చెప్పవచ్చును. వాత మాత్రం పుండును మిగల్చడం తప్ప చేసేదేమీ లేదు.

నీటి కామెర్లలో ఇంటివద్ద కావలసినవి విశ్రాంతి, మరిగించి చల్లార్చిన నీరు, రుచించిన ఆహారం. పస్తు పెట్టరాదు. సారాయి ముట్టరాదు. జ్వరమాత్రలు వైద్యుని అడుగక మింగరాదు. రోగి మత్తుగా పడి ఉన్నా, మాట తడబడినా, నెత్తురు కక్కినా, పొట్ట ఉబ్బినా ఆసుపత్రికి తరలించవలెను. గర్భిణికి కామెర్లు వస్తే ఈ గుర్తుల కొరకు వేచి ఉండరాదు. నెలలు నిండుతున్న కాలంలో ఇ రకం తల్లి ప్రాణానికే ముప్పు, ఆనాడే తీసుకొని పోవలెను.

బి పాజిటివ్ అని తేలిన కోడలి విషయంలో మందుకన్న ముందు మాట అవసరం. ఆ ఫలితాన్ని వరండాలో అత్తగారి ఎదుట చదవడం వైద్యం కాదు, శిక్ష. ఆమెకు ఏకాంతంలో చెప్పి, ఆమె అనుమతితోనే భర్తకు, పిల్లలకు పరీక్ష చేయించి, సోకనివారికి టీకా వేయించవలెను. కంచం, గ్లాసు, మంచం వేరు చేయనక్కరలేదు. కలిసి తిన్నందువలన, బిడ్డను ఎత్తుకొన్నందువలన ఇది సోకదు. టీకా పడిన బిడ్డకు చనుబాలు నిశ్చింతగా ఇవ్వవచ్చును. వేరుగా ఉంచవలసినవి బ్లేడు, దంతాల బ్రష్షు, గోళ్ల కత్తెర. జాతరలో పచ్చబొట్టు సూది, మార్చని క్షౌరపు బ్లేడు, ఒకే సిరంజితో పలువురికి పొడిచే ఇంజెక్షను కూడా ప్రమాదకరమే. 2009లో గుజరాత్‌లోని మొడాసాలో వాడిన సిరంజిలే మరల వాడినందువలన బి రకం వ్యాపించి అనేకులు మరణించారు. రక్తంతో పని ఉన్న కార్యకర్త తానూ మూడు మోతాదుల టీకా వేయించుకొనవలెను.

2018 జూలై 28న కేంద్ర ప్రభుత్వం జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమాన్ని ఆరంభించినది. బి, సి రకాలకు పరీక్షలు, మందులు దీని క్రింద ఉచితం. జిల్లా ఆసుపత్రిలో విచారించవలెను. సి రకానికి టీకా లేదు గాని, సాధారణంగా 12 వారాల మాత్రలతో నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమవుతున్నది. బి రకానికి మందు అవసరమైనవారు దీర్ఘకాలం వాడవలసి ఉంటుంది. ఒంట్లో బాగున్నదని మధ్యలో మానివేస్తే వ్యాధి ఒక్కసారిగా విజృంభించవచ్చును. నెలనెలా ఆ మాత్రల సంగతి అడిగే మనిషి ఉండడమే రోగికి పెద్ద అండ.

పొలిమేర పల్లెలలో అసలు చిక్కు కాన్పు దగ్గర వస్తుంది. రాయగడ వైపు మెట్టినింట పరీక్ష జరుగుతుంది, కాన్పు పార్వతీపురం వైపు పుట్టింట జరుగుతుంది. హోసూరు, కుప్పం మధ్య కూడా ఇంతే. ఒక రాష్ట్రపు కార్డు మరొక రాష్ట్రపు నర్సుకు చదువరాదు. కాని తల్లికి బి ఉంటే బిడ్డకు పుట్టిన 24 గంటలలోపు టీకా పడవలెను. వీలైతే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షను కూడా ఇప్పించవలెను. తరువాత 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్ టీకాలో మిగిలిన మోతాదులు. పసికందుగా సోకితే నూటికి 90 మందిలో అది శాశ్వతంగా నిలిచిపోతుంది. పెద్దలలో నిలిచేది నూటికి అయిదుగురి లోపే. 1997లో హైదరాబాదుకు చెందిన శాంతా బయోటెక్నిక్స్ ఈ టీకాను స్వదేశంలోనే తయారు చేసి ధర దించినది. నేడు అది ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా లభిస్తున్నది.

కనుక గర్భిణి పుట్టింటికి బయలుదేరే ముందే మెట్టినింటి కార్యకర్త ఒక చీటీపై పరీక్ష పేరు, తేదీ, ఫలితం ఇంగ్లీషులోను, పుట్టింటివారి భాషలోను వ్రాసి, కవరులో మూసి ఆమె చేతికే ఇవ్వవలెను. ఆ ఊరి ఉపకేంద్రం నర్సు ఫోను నంబరు కనుగొని, ఆమె అనుమతితో కాన్పు తేదీ తెలుపవలెను. కాన్పు కబురు అందిన రోజున మొదట అడుగవలసినది బిడ్డకు టీకా పడినదా అని.