కారు సబ్‌వూఫరు - యాంప్లిఫయరు అమరిక

కారు సబ్‌వూఫరు అనగా తక్కువ పౌనఃపున్యం గల ధ్వనులను, సుమారు 20 నుండి 100 హెర్ట్జ్ వరకు, వినిపించడానికి కారులో విడిగా అమర్చే పెద్ద స్పీకరు. డోలు, డ్రమ్ములు, బేస్ గిటారు వంటి వాద్యాల మంద్ర ధ్వనులు ఈ శ్రేణిలోకి వస్తాయి. తలుపులలోని చిన్న స్పీకర్లు వీటికి కావలసినంత గాలిని కదిలించలేవు. కనుక సబ్‌వూఫరును, దానిని నడిపే యాంప్లిఫయరును డిక్కీలో గాని, సీటు కింద గాని అమరుస్తారు. అమరిక సరిగా లేకపోతే ధ్వని వక్రీకరణకు లోనై బొంగురుగా వినిపిస్తుంది, చివరకు స్పీకరు పాడవుతుంది.

వక్రీకరణకు కారణం

ప్రతి యాంప్లిఫయరుకు అది ఇవ్వగల గరిష్ఠ వోల్టేజి ఒకటి ఉంటుంది. అంతకు మించి అడిగినపుడు ధ్వని తరంగపు శిఖరాలు కోసినట్లు చదునవుతాయి. దీనినే క్లిప్పింగ్ అంటారు. తరంగం పూర్తిగా చదునై చతురస్రాకారంలోకి మారితే, శిఖరం ఎత్తు పెరగకపోయినా సగటు శక్తి రెట్టింపవుతుంది. ఆ వేడికి స్పీకరులోని తీగచుట్ట మాడిపోతుంది. చిన్న యాంప్లిఫయరు వాడితే స్పీకరుకు ప్రమాదం లేదన్న నమ్మకం అందువల్ల సరి కాదు. 250 వాట్ల యాంప్లిఫయరు తీవ్రంగా క్లిప్ అయినపుడు దాదాపు 500 వాట్ల వరకు పంపగలదు.

బేస్ బూస్ట్ మీట కూడా ఇందుకు దారితీస్తుంది. దానిని 6 డెసిబెల్‌లు పెంచితే ఆ పౌనఃపున్యం వద్ద నాలుగు రెట్లు శక్తి కావలసివస్తుంది.

గెయిన్ సరిచేయడం

యాంప్లిఫయరుపై ఉండే గెయిన్ మీటను చాలామంది శబ్దం పెంచే మీటగా భావిస్తారు. నిజానికి అది కారు స్టీరియో నుండి వచ్చే సంకేతపు వోల్టేజికి యాంప్లిఫయరును సరిపోల్చే మీట మాత్రమే. దీనిని మామూలు మల్టీమీటరుతో సరిచేయవచ్చు. స్పీకరు తీగలను విడదీసి, గెయిన్‌ను పూర్తిగా తగ్గించి, బేస్ బూస్ట్‌ను, ఈక్వలైజరును సున్న వద్ద ఉంచాలి. లో-పాస్ ఫిల్టరును పైకి జరపాలి. ఇంజను నడుస్తుండగా 50 హెర్ట్జ్ పరీక్షా స్వరాన్ని స్టీరియో గరిష్ఠ ధ్వనిలో మూడు వంతుల వద్ద వినిపిస్తూ, యాంప్లిఫయరు స్పీకరు కొనల వద్ద ఏకాంతర వోల్టేజిని కొలవాలి. ఇంటి విద్యుత్తు కూడా 50 హెర్ట్జ్ కావడం వల్ల చౌక మీటర్లు సైతం ఈ స్వరాన్ని బాగానే కొలుస్తాయి.

రావలసిన వోల్టేజి, వాట్లను ఓమ్‌లతో గుణించగా వచ్చిన సంఖ్యకు వర్గమూలం. 4 ఓమ్‌ల స్పీకరుకు 500 వాట్లు కావాలంటే 2000కు వర్గమూలం, అనగా 44.7 వోల్టులు. 2 ఓమ్‌లయితే 31.6 వోల్టులు. ఇక్కడ తీసుకోవలసినది ఆర్‌ఎంఎస్ వాట్లు. పెట్టెపై పెద్ద అక్షరాలతో వేసే గరిష్ఠ వాట్లను లెక్కలోకి తీసుకోకూడదు. స్పీకరు, యాంప్లిఫయరులలో తక్కువ సామర్థ్యం గల దానినే ప్రమాణంగా గ్రహించాలి. అయితే మల్టీమీటరు తరంగపు ఆకారాన్ని చూపదు, ఆసిల్లోస్కోపు చూపుతుంది.

తరువాత లో-పాస్ ఫిల్టరును సుమారు 80 హెర్ట్జ్ వద్దకు తెచ్చి, యాంప్లిఫయరును ఆపి తీగలను తిరిగి కలపాలి.

తీగలు, వేడి

80 శాతం సామర్థ్యం గల యాంప్లిఫయరు 500 వాట్లు ఇచ్చేటపుడు బ్యాటరీ నుండి సుమారు 45 ఆంపియర్లు లాగుతుంది. సన్నని తీగ వేస్తే వోల్టేజి పడిపోయి క్లిప్పింగ్ ముందుగానే మొదలవుతుంది. తీగ వేడెక్కి నిప్పంటుకోనూ వచ్చు. బ్యాటరీకి అర మీటరు లోపే ఫ్యూజు ఉండాలి. అది కాపాడేది తీగను, కారును. ఎర్తు తీగను పొట్టిగా ఉంచి, రంగు గీకిన ఇనుప భాగానికి బిగించాలి.

పుత్తూరు, తిరుపతి వంటి చోట్ల వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఎండలో నిలిపిన కారు లోపల వేడి అంతకంటే చాలా ఎక్కువ. అటువంటపుడు యాంప్లిఫయరు తనంతట తాను ఆగిపోవడం తరచు లోపం కాదు, రక్షణ. చుట్టూ గాలి ఆడే చోటు వదలాలి, పైన తివాచీ కప్పరాదు.

అన్నీ సరిగా ఉన్నా గరగర వినిపిస్తే, ఆ శబ్దం స్పీకరుది కాకపోవచ్చు. డిక్కీ మూతపై నంబరు పలక వదులుగా ఉన్నా అచ్చం అలాగే మోగుతుంది. పాట నడుస్తుండగా దానిని చేత్తో అదిమి చూస్తే తెలిసిపోతుంది.