పాత ఇంటికి వెలుగుదారి

మన ఊళ్లలో పాత పెంకుటిళ్లు ఇంకా ఉన్నాయి. వాటి గోడలు మందంగా ఉంటాయి. ఎండాకాలం లోపల చల్లగా ఉంటుంది. మరి లోపం ఎక్కడ? వంటగదిలో.

ముందు వసారా, నడుమ పెద్ద గది, వెనక మూల వంటగది. చాలా పాత ఇళ్లు ఇలాగే ఉంటాయి. ఆ మూల గదికి కిటికీ ఉండదు. ఉన్నా చిన్నది. పొగ బయటికి పోదు. ఆ పొగ ఎవరు పీలుస్తారు? వంట చేసే మనమే. మన ఒళ్లో పిల్లలే. పొగ వల్ల కళ్లు మండుతాయి. దగ్గు, ఆయాసం వస్తాయి. పసిపిల్లలకు నిమ్ము చేస్తుంది.

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం వచ్చింది. 2016లో ఉజ్వల పథకం వచ్చింది. చాలా ఇళ్లకు గ్యాస్ చేరింది. కానీ వంటగది మారలేదు. కట్టెల పొయ్యి కూడా పూర్తిగా పోలేదు.

ఇల్లంతా పడగొట్టాలా? అక్కర్లేదు. గాలికి దారి ఇస్తే చాలు.

దారి ఎక్కడ పెట్టాలి?

పొగ వేడిగా ఉంటుంది. పైకి పోతుంది. అందుకే పొయ్యి ఉన్న వైపు గోడలో, కప్పు దగ్గర జాలీ పెట్టాలి.

వంటగ్యాసు గాలి కంటే బరువు. లీకైతే నేల మీద పరుచుకుంటుంది. అందుకే గోడ అడుగున కూడా ఒక జాలీ ఉండాలి.

వెలుగు కోసం కిటికీ పెట్టాలి. గ్యాస్ పొయ్యిని మాత్రం కిటికీ గాలి నేరుగా తగిలే చోట పెట్టకూడదు. గాలికి మంట ఆరితే గ్యాస్ గదిలో నిండుతుంది.

గోడ కొట్టే ముందు

ఒకసారి పైకి చూడండి. దూలం ఎక్కడ ఆనింది? దాని కింద గోడ కొట్టకూడదు. కప్పు కూలవచ్చు.

కిటికీ పైన లింటల్ తప్పకుండా ఉండాలి. అది రెండు వైపులా గోడలోకి జానెడు చొప్పున పోవాలి. ముందు లింటల్ వేయాలి. అది గట్టిపడ్డాకే కింద గోడ తీయాలి.

వానాకాలంలో మట్టి గోడ జోలికి పోవద్దు. తడిసిన గోడకు బలం తక్కువ. అనుభవం ఉన్న మేస్త్రీకి చూపించాకే పని మొదలుపెట్టాలి.

డబ్బు కొంచెమే ఉంటే?

చాలామంది ముందు వసారాకు రంగులు వేయిస్తారు. వచ్చిన వాళ్లకు కనబడేది అదే కదా! కానీ రోజూ ఊపిరి పీల్చేది వంటగదిలో. మొదటి ఖర్చు అక్కడే పెట్టాలి. ఆ మాట ఇంట్లో మనమే చెప్పాలి.

చేసి చూడండి

వాకిట్లో ముగ్గుపిండితో మీ ఇంటి పటం గీయండి. తలుపులు, కిటికీలు, పొయ్యి గుర్తుపెట్టండి. గాలి ఎటు నుంచి వస్తుంది? ఎటు పోతుంది? ఇంట్లో అందరినీ పిలిచి చూపించండి. మాట్లాడుకోండి.