సెలవు పెట్టినా తీరని అలసట

ఈద్ సెలవులు నాలుగు రోజులూ ఇంట్లోనే ఉన్నాను. తిన్నాను, పడుకున్నాను. ఐదో రోజు పొద్దున ల్యాప్‌టాప్ తెరవబోతే గుండె దడ, చేతులకు చెమట. హార్ట్ ఎటాకేమోనని ఆసుపత్రికి పరిగెత్తాం. ఈసీజీ బాగానే ఉంది. ‘ఫోన్ పక్క గదిలో పెట్టి చివరిసారి ఎప్పుడు పడుకున్నారు?’ అని డాక్టర్ అడిగితే గుర్తు రాలేదు.

షార్జాలో ఇల్లు, దుబాయ్‌లో ఉద్యోగం. పొద్దున ఏడింటికే కాల్, ఎందుకంటే హైదరాబాద్‌లో అప్పటికి ఎనిమిదిన్నర. అమెరికా క్లయింటు ఆఫీసుకొచ్చేది మనం అన్నానికి కూర్చునే వేళకి. మధ్యలో అల్ ఇత్తిహాద్ రోడ్డు ట్రాఫిక్. ఇక్కడ అందరిదీ ఇదే కథ కదా అని సరిపెట్టుకున్నాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-11లో ‘బర్నౌట్’ను జబ్బుగా కాక, ఉద్యోగంలో దీర్ఘకాలంగా పేరుకున్న ఒత్తిడి ఫలితంగా చెప్పింది. శక్తి అడుగంటడం, పని మీద విరక్తి, ఎంత చేసినా ఏమీ చేయలేదనిపించడం దాని గుర్తులు. నాకు విరక్తే ముందొచ్చింది. టీమ్‌లో కుర్రాడు సందేహం అడిగితే విసుక్కునేవాణ్ని. మా ఆవిడైతే ఎప్పుడో కనిపెట్టింది. ‘పిల్లలతో కూడా ఆఫీసువాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడుతున్నారండీ’ అంది.

గల్ఫ్‌లో మన ఒత్తిడికి ఇంకో ముడి ఉంది. నా వీసా ఉద్యోగానికి, ఇంట్లోవాళ్ల వీసాలు నా వీసాకి. మేనేజర్ ‘రేపొకసారి మాట్లాడాలి’ అంటే చాలు, స్కూలు ఫీజు, అద్దె చెక్కులు, ఊళ్లో లోను కళ్లముందు తిరుగుతాయి. అందుకే ఎవరికీ ‘కాదు’ అనలేం.

నడక, యోగా మంచివే. కానీ నాకు నిద్ర తెచ్చింది మాత్రం, ఒక శనివారం ఇద్దరం కాగితాలు ముందేసుకుని కూర్చోవడం. 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టం ప్రకారం పని రోజుకి 8 గంటలు, వారానికి 48. పైస్థాయి పదవులకు మినహాయింపులున్నాయి (ప్రమోషన్ వచ్చినప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పరు!). ఏడాది నిండితే 30 రోజుల సెలవు. ప్రొబేషన్ దాటాక ఏటా 90 రోజుల దాకా అనారోగ్య సెలవు, అందులో 15 రోజులు పూర్తి జీతం, 30 రోజులు సగం జీతం. ఉద్యోగం పోయిన మర్నాడే దేశం విడవక్కర్లేదు, వీసా రకాన్ని బట్టి గడువిస్తారు. నిరుద్యోగ బీమా ఏడాదిపాటు వరుసగా కట్టి ఉంటే, రాజీనామా కాకుండా ఉద్యోగం పోయినప్పుడు మూల వేతనంలో 60 శాతం, పరిమితికి లోబడి, మూడు నెలల దాకా వస్తుంది. ఇవన్నీ రాసుకున్నాక భయానికో కొలత దొరికింది.

మనసు విప్పడానికి మనవాళ్లెవరూ లేరనుకునేవారికి దుబాయ్ భారత కాన్సులేట్ ప్రవాసీ సహాయ కేంద్రం నంబరు 800 46342.

తర్వాతి వారం మేనేజర్‌ని అడిగాను, రాత్రి కాల్స్ వారానికి రెండే ఉండాలని. పెద్దగా వాదించకుండానే ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఫోన్ హాల్లో ఛార్జింగ్‌లో ఉంటోంది. మొన్న రిలీజ్ ముందు మళ్లీ దిండు కిందకి చేరింది. మా ఆవిడ మాట్లాడకుండా తీసుకెళ్లి హాల్లో పెట్టింది.